పళ్లు లెక్కపెట్టేవాడి సంగతి రాయి

మూలాపేట,
నెల్లూరు.

అమ్మాయికి ఆశీస్సులు.

నీ నవల రాతప్రతి ఆఖరి పేజీ దాకా చదివాను. అంచుల్లో పెన్సిలు గీతలు చూసి బెంబేలు పడొద్దు. ఏ గీతా లేని పేజీలు కొన్ని ఉన్నాయి చూడు, నిజానికి బాగాలేనివి అవే. గిల్లడానికి కూడా అక్కడ ఏమీ దొరకలేదు.

ముందు బాగున్నది చెప్పేస్తాను. లేకపోతే కింది తిట్లు చదివి కాగితాలన్నీ పొయ్యిలో పెట్టేస్తావు. చీమకుర్తి గ్రానైటు క్వారీని వచ్చే శతాబ్దంలో యోధుల బరిగా మార్చావు. ఈ ఊహ నీ సొంతం. రాయిని దిమ్మెలు దిమ్మెలుగా కోసుకుపోగా మిగిలిన ఆ పెద్దపెద్ద మెట్ల మీద జనాన్ని కూర్చోబెట్టావు. దీపాలు పడ్డప్పుడు నల్లరాతిలో బంగారు చుక్కలు మెరవడం, ఆ గోడకే ఒక కుర్రవాడి తల కొట్టుకోవడం ఒకే వాక్యంలో చెప్పావు. గెలాక్సీ అని పేరుపెట్టి ఓడలకెక్కించిన రాయి ఏ దేశంలోనో వంటింటి గట్టు మీద ఉంటే, ఆ రాయి పోయిన గుంటలో మన పిల్లలు కొట్టుకు చస్తున్నారు. పరదేశం సినిమాలు చూసి ఎవరూ ఇది రాయలేరు. ఆ రోడ్డు మీద లారీల దుమ్ము తిన్నవాళ్లే రాయగలరు.

ఇక తిట్లు.

పంతొమ్మిదో అధ్యాయంలో నీళ్ల కంపెనీ పెద్దాయన అద్దాల మేడలో నిలబడి, పదకొండు పేజీల పాటు తన కుట్రంతా నీ కథానాయకుడు రుద్రకు విడమరిచి చెప్తాడు. ఎందుకు చెప్తున్నాడయ్యా అంటే, ఎటూ చంపబోతున్నాడు కాబట్టి అన్నావు. చంపదలుచుకున్నవాడికి అంత తీరిక ఎక్కడిది తల్లీ? పైగా అతను చెప్పేదంతా పాఠకుడు పదో అధ్యాయానికే పసిగట్టేశాడు. పందేలన్నీ ముందే నిర్ణయమైపోతున్నాయి, ఏ మండలం గెలవాలో కంపెనీయే తేలుస్తోంది, అంతే కదా. ఆ పదకొండు పేజీలూ కొట్టేశాను. వాటి బదులు ఏం రాయాలో నీ నవలలోనే ఉంది. నువ్వు చూడలేదు.

క్వారీ లోతుకు పోయేకొద్దీ ఊట పుడుతుంది. వాననీళ్లు కూడా అందులోకే చేరతాయి. పని ఆపేసి మోటార్లు కట్టేసిన గుంటల్ని నువ్వు చూసే ఉంటావు, అడుగున పచ్చగా నీళ్లు నిలిచి ఉంటాయి. మరి నీ బరి అడుగున ఇసుక పరిచి పొడిగా ఉంచావే, ఎట్లా ఉంది పొడిగా? రాత్రింబవళ్లు ఎవరో మోటారుతో తోడుతూ ఉండాలి. తోడిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయి? నీ కథలో కనిగిరి, పామూరు, వెలిగండ్ల వాళ్లు తాగునీళ్ల కోసం ఏటా ఒక మనిషిని ఆ గుంటలోకి దింపుతున్నారు. గెలిచినవాడి మండలానికి ఏడాది పొడుగునా నీళ్లు. వాళ్లు కొట్టుకునే చోటును ఆరబెట్టడానికేమో రోజూ నీళ్లు తోడి పారబోస్తున్నారు! ఇంతకంటే పెద్ద కుట్ర నీకేం కావాలి?

దాన్ని దాచొద్దు. మొదటి అధ్యాయంలోనే మోటారు చప్పుడు వినిపించు. ప్రతి పందెం మధ్యా అది ఉండాలి, జనం కేకలు తగ్గినప్పుడల్లా వినపడాలి. పాఠకుడు అలవాటుపడి మర్చిపోవాలి. పంతొమ్మిదో అధ్యాయంలో రుద్ర పక్కటెముక విరిగి కింది గదిలో పడుంటాడు కదా, నిద్రపట్టక లేచి, గొట్టం దగ్గర బీడీ కాలుస్తున్న మోటారు మనిషిని అడగాలి, "ఈ నీళ్లు యాడికి పోతాయన్నా?" అని. ఆ మనిషి సమాధానం చెప్పకపోయినా ఫరవాలేదు. అద్దాల మేడ అక్కర్లేదు, పెద్దాయన అక్కర్లేదు.

నీ నవలలో మంత్రులున్నారు, డైరెక్టర్లున్నారు, రహస్య సంఘం నాయకురాలుంది. నెలజీతానికి పనిచేసేవాడు ఒక్కడూ లేడు. పెద్ద మోసం ఎక్కడైనా చిన్న ఉద్యోగి సంతకం మీదుగా, చిన్న ఉద్యోగి ఊరుకోవడం మీదుగానే నడుస్తుంది. ఇది నీకు పుస్తకాల్లోంచి చెప్పాల్సిన పని లేదు. మీ వైపు తిరునాళ్లకు బండలాగుడు పందేలు చూశావా? చూసే ఉంటావు. ఎటు చూసి ఉంటావో కూడా నాకు తెలుసు, ఎద్దుల వైపు. అందరం అటే చూస్తాం. ఆ మూపురం, ఆ గంగడోలు, మైకులో ఊరిపేరూ రైతుపేరూ, చెర్నాకోల చప్పుడు, ఎన్ని అడుగులు లాగాయోనన్న ఆత్రం. ఈసారి పోయినప్పుడు పందెం మొదలుకాకముందే పో.

ఎద్దుల్ని పళ్లను బట్టి విభాగాలు చేస్తారు, రెండు పళ్లవి, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి అని. పశువుకు ముందుపళ్లు కింది దవడకే ఉంటాయి. రెండేళ్ల వయసు దాటాక పాలపళ్లు జతలు జతలుగా ఊడి గట్టిపళ్లు వస్తాయి. ఒక మనిషి ముక్కుతాడు బిగించి తల పైకెత్తుతాడు, ఇంకొకడు బొటనవేలితో కింది పెదవి దించుతాడు. చొంగ మణికట్టు మీదుగా కారుతుంది, ఎద్దు బుసకొడుతుంది. పక్కన నిలబడ్డ రైతు నోరెత్తడు, ఆ వేలినే చూస్తుంటాడు. మూడో జత పన్ను చిగురు చీల్చుకుని అప్పుడే తెల్లగా తొంగిచూస్తోందనుకో, అది నాలుగు పళ్ల ఎద్దా, ఆరు పళ్ల ఎద్దా? లెక్కపెట్టేవాడు ఏదంటే అది. బిడ్డకంటే ఎక్కువగా మేపిన జత ఆ ఒక్క అంకె మీద గెలవొచ్చు, బరిలోకి దిగకముందే ఓడిపోవచ్చు. మోసం చెయ్యదలుచుకుంటే ఎద్దుకు మందు పెట్టక్కర్లేదు, బండ మార్చక్కర్లేదు.

అక్కడే ఇంకోటి గమనించు. ఒక్కోసారి ఒక ఎద్దు ఒక ఊరి రైతుది, రెండోది వేరే ఊరి రైతుది. రెంటినీ కలిపి కాడికి కడతారు. మైకులో కంబైండ్ జత అంటారు. గెలిస్తే ఇద్దరి పేర్లూ చదువుతారు. ఓడిందా, ఏ ఎద్దు మెడ వాల్చిందో తేలక ఇద్దరూ ఇంటిదాకా పోట్లాడుకుంటారు.

నీ యోధులకీ ఒక పళ్ల పరీక్ష పెట్టు. లోహపు చేతులు, మోకాళ్లు పెట్టుకున్న మనుషులు కదా, ఎవరి ఒంట్లో ఎంత యంత్రం ఉందో పందేనికి ముందు ఎవడో ఒకడు తనిఖీ చేసి విభాగం రాయాలి. ఆ ఉద్యోగిని కథలోకి తీసుకురా. తెచ్చాక రుద్ర నోరు తెరిపించు. రుద్ర పుట్టింది కనిగిరి మెట్టలో. ఏడేళ్లప్పుడు యోధుల్ని తయారుచేసే వస్తాదు కొనుక్కుని కృష్ణపట్నం తీసుకుపోయి, రేవు పిల్లవాడిగా రికార్డుల్లో ఎక్కించాడు. ఈ రహస్యం బయటపడటానికి నువ్వు ఒక పాత వీడియో, ఒక దొంగిలించిన చిప్పు, ఒక హ్యాకర్ని వాడావు. ఏదీ అక్కర్లేదు. కనిగిరి వైపు భూగర్భజలంలో ఫ్లోరైడుంది. పసితనంలో ఆ నీళ్లు తాగితే దవడ లోపల తయారవుతున్న పళ్లకే మచ్చ పడుతుంది. చిగురులోంచి బయటికి రాకముందే పడ్డ మచ్చ అది. తర్వాత ఎంత తోమినా, ఎన్నేళ్లు మంచినీళ్లు తాగినా పోదు. పిల్లలకు ఏడేళ్లు వచ్చేసరికే ముందుపళ్ల పింగాణీ దాదాపుగా కట్టేసి ఉంటుంది. అంటే రికార్డులో రేవు పిల్లవాడు, నోట్లో మెట్ట పిల్లవాడు.

తనిఖీ ఉద్యోగికి కూడా గారపళ్లే ఉన్నాయనుకో. అందుకే ఎప్పుడూ పెదాలు బిగించి నవ్వుతాడు. రుద్ర నోరు తెరవగానే గుర్తుపట్టాడు. ఏమీ అడగలేదు. కాగితం మీద 'కృష్ణపట్నం' అని రాసి, ఇక మూసుకో అన్నాడు. మన ఊరి పిల్లవాడేలే అనే జాలి, అంతే. తర్వాత కంపెనీకి ఆ సంగతి తెలిసింది. ఉద్యోగం తీసెయ్యలేదు, తిట్టనుకూడా లేదు. ఆ కాగితాన్ని బీరువాలో పెట్టుకుంది. ఇక వాళ్లు ఏ అంకె రాయమంటే ఆ అంకె రాయక చస్తాడా? పందేలు ముందే ఎట్లా నిర్ణయమవుతున్నాయో పాఠకుడికి ఇప్పుడు తెలిసిపోయింది. ఇందులో ఒక్క దుర్మార్గుడైనా కావలసి వచ్చాడా?

సరే. ఇప్పుడు నాకు నిజంగా కోపం తెప్పించిన చోటుకు వస్తాను. ఇరవై రెండో అధ్యాయంలో, రుద్ర తల్లిదండ్రుల్ని చంపించింది వస్తాదేనని తేల్చావు. ఆ ఒక్క పేజీతో అంతకుముందు రాసిన రెండొందల పేజీలకు నీళ్లొదిలావు. ఆరో అధ్యాయంలో పిల్లవాడి మోకాలు బెణికితే వస్తాదు తెల్లవార్లూ కాపడం పెడతాడు, ఆముదం వాసన నా ముక్కుకు తగిలింది. ఆ వాసన కూడా అబద్ధమైపోయింది. హంతకుడని తేలాక రుద్రకు ఇంకేం ఇబ్బంది? చంపేస్తే సరి. పుట్టిన మెట్టకు నిలబడాలా, పెంచిన చేతికి నిలబడాలా అని అతను నలుగుతాడనే కదా నేను అంతదూరం నీ వెంట నడిచింది. ఒక బాకీ దొంగదని తేల్చేశాక ఇక రెండోదే మిగిలింది, లెక్క తేలిపోయింది. ఆ అధ్యాయం తీసెయ్యి. రెండు బాకీలూ నిఖార్సయినవిగా ఉండనివ్వు. వస్తాదు ఉప్పు తిన్నాడు రుద్ర, మెట్ట నీళ్లు తాగాడు. రెండూ ఒంట్లో ఉన్నాయి.

మన నేల మీదే ఈ లెక్క తెలిసిన కథ ఒకటుంది, కాటమరాజు కథ. కొమ్ములవాళ్లు పాడితే ఎప్పుడైనా విన్నావో లేదో. కరువొచ్చి కాటమరాజు ఆవుల మందలు తోలుకుని నెల్లూరు సీమకొచ్చాడు. మేపుకోనిస్తే పుట్టిన కోడెదూడల్ని పుల్లరి కింద, అంటే మేత పన్ను కింద, ఇస్తామని నెల్లూరు రాజుతో ఒప్పందం. వానల్లేక గడ్డి ఎండింది. కాటమరాజు మనుషుల చేతిలో రాజు ఉంపుడుగత్తె చిలుక చచ్చింది, ఆ పగతో ఆవుల్ని చంపించారు. ఆవులు పోయాక పుల్లరేంటి అన్నాడు కాటమరాజు. ఒప్పందం ఒప్పందమే అన్నాడు రాజు. పాలేటి ఒడ్డున యుద్ధం. వందల ఏళ్ల నుంచి పాడుతున్నారు గాని, తప్పంతా ఒక్కడి నెత్తిన పెట్టి చేతులు దులుపుకోవడానికి ఆ కథ ఎవరికీ వీలివ్వదు.

నెల్లూరు పక్షాన పోరాడినవాడు ఖడ్గతిక్కన. భారతం తెనిగించిన తిక్కనా, ఇతనూ అన్నదమ్ముల బిడ్డలు. ఒకరిది గంటం, ఒకరిది కత్తి. ఖడ్గతిక్కన యుద్ధంలో నిలవలేక ఇంటికి తిరిగొచ్చాడు. భార్య స్నానానికి నీళ్లు తోడింది. నులక మంచం అడ్డంపెట్టి, పక్కన పసుపు ముద్ద ఉంచింది, ఆడవాళ్లకు పెట్టినట్టు. ఇదేమిటన్నాడు. ఇంట్లో ఇద్దరం ఆడవాళ్లం ఉన్నాం, ఇప్పుడు ముగ్గురమయ్యాం, సిగ్గెందుకు అంది. అన్నానికి కూర్చుంటే తల్లి విరిగిన పాలు పోసింది. పాలు విరిగాయేమిటమ్మా అంటే, నువ్వూ విరిగొచ్చావు, పసులూ విరిగొచ్చాయి, పాలూ విరిగాయి అంది. లేచి కత్తి తీసుకుపోయాడు, ఇక రాలేదు.

నాకు ఆ అత్తాకోడళ్ల మీద ఎప్పుడూ కొంచెం కినుకే. పౌరుషం పేరు చెప్పి మనిషిని చావుకు తోలారు. అది వేరే సంగతి, నా కినుకతో నీకు పనిలేదు. నువ్వు చూడాల్సింది రాజు ఎక్కడున్నాడని. ఆ ఘట్టంలో రాజు లేడు, రాజాజ్ఞ లేదు, సైన్యం లేదు. దొడ్లో కాగు, మంచం, పసుపు. రాజు తినిపించిన ఉప్పు పెళ్లాం చేతి మీదుగా వచ్చి అడిగింది. యుద్ధంలో ఎన్ని తలలు తెగాయో ఎవరికీ గుర్తులేదు గాని, పసుపు ముద్ద నెల్లూరు జిల్లాలో ఎవర్నడిగినా చెప్తారు. నీ కంపెనీ ఆజ్ఞలు ఆకాశంలో వెలిగే బొమ్మల మీద వస్తున్నాయి. వాటిని వంటింట్లోంచి రానివ్వు. వస్తాదు భార్య ఉందా నీ కథలో? లేదు. పెట్టు.

విధేయతల సంగతి కదా అని కర్ణుడి జోలికి పోకు. రెండు పక్షాల మధ్య నలిగినవాడనగానే అందరూ అటే పరిగెడతారు, ఆ దారి అరిగిపోయింది. శల్యుణ్ణి చదువు. నకుల సహదేవులకు మేనమామ. మేనల్లుళ్ల పక్షాన నిలబడదామని బయల్దేరాడు. దారి పొడుగునా మేడలు, విందులు. ధర్మరాజే ఏర్పాటు చేశాడనుకుని తృప్తిగా తిని, ఇది చేసినవాడు ఏం కోరితే అది ఇస్తానన్నాడు. ఎదురుగా వచ్చింది దుర్యోధనుడు. మాట పడిపోయింది. ధర్మరాజు దగ్గరికెళ్లి జరిగింది చెప్పాడు. సరే మామా, రేపు కర్ణుడి రథం తోలాల్సి వస్తే వాడి మనసు విరగ్గొట్టు, అది చాలు అన్నాడు ధర్మరాజు. కర్ణపర్వంలో శల్యుడు రథం తోలతాడు. తోలడంలో ఏ లోపమూ చెయ్యడు. తోలుతూ నోటితో పొడుస్తాడు. హంసతో పోటీ పడి సముద్రంలో కూలబోయిన కాకి కథ చెప్తాడు, యుద్ధం మధ్యలో, యోధుడి చెవిలో! అటు ఇచ్చిన మాటా తప్పలేదు, ఇటు ఇచ్చిన మాటా తప్పలేదు. ఆ తర్వాత దుర్యోధనుడికి సేనాపతి అయి ధర్మరాజు చేతిలోనే చచ్చాడు. ఇదంతా తిక్కన తెలుగులోనే ఉంది, మన పెన్న ఒడ్డున. పందెం మధ్య విరామంలో రుద్ర చెవిలో వస్తాదు ఏం చెప్తున్నాడో రాసేటప్పుడు ఈ ఘట్టం దగ్గర పెట్టుకో. ప్రస్తుతం అతను "నువ్వు గెలవగలవు రుద్రా" అని తప్ప ఇంకేమీ అనడంలేదు.

వస్తాదుకు ఆ రెండో మాట ఎక్కడినుంచి వస్తుందంటావా? నీ బరిలో రాత్రికి పన్నెండు పీనుగులు లేస్తున్నాయి. ఇన్నేళ్లు తిండిపెట్టి, లోహపు చేతులు కట్టించి, ఒక్క రాత్రిలో పన్నెండుమందిని పారేసుకునే వ్యాపారి ఉంటాడా? రోమన్లకు కూడా అంత స్తోమత లేదు. పెంచినవాడు యోధుల్ని అప్పగించేవాడు, పందెం పెట్టించేవాడు డబ్బిచ్చేవాడు. రెండో శతాబ్దంలో గాయస్ అనే న్యాయశాస్త్రవేత్త తన పాఠంలో ఒక ఒప్పందాన్ని ఉదాహరణగా తీసుకున్నాడు. యోధుడు గాయం లేకుండా తిరిగొస్తే చిందించిన చెమటకు ఇరవై దీనారాలు. చచ్చినా, అవిటివాడైనా వెయ్యి దీనారాలు. మరి ఇది అద్దె ఒప్పందమా, అమ్మకమా? క్షేమంగా వచ్చినవాడు అద్దెకు పోయినట్టు, చచ్చినవాడు అమ్ముడుపోయినట్టు అని తేల్చాడాయన. ఎవడు అద్దె, ఎవడు అమ్మకం అనేది పందెం ముగిశాకే తెలుస్తుంది. ఈ ముక్కను అట్టాగే వస్తాదు పత్రంలో దించు. పత్రం రాసేటప్పుడు అతను మామూలుగానే సంతకం పెట్టాడు, అందరూ పెట్టేదే. ఇప్పుడు అప్పులవాళ్లు గుమ్మంలో ఉన్నారు, కూతురి వైద్యం ఉంది, ఏదో ఒకటి. రుద్ర బతికి వస్తే ఇరవై. రాకపోతే దానికి యాభై రెట్లు. కాపడం పెట్టిన చేతులే కదా అవి. అతను ఏం చేస్తాడో నాకూ తెలియదు, అందుకే పేజీ తిప్పుతాను.

పందేల వర్ణన గురించి ఎక్కువ చెప్పను. గుద్దులు బాగా రాస్తావు, కాకపోతే మరీ ఎక్కువ రాస్తావు. ఏడు పందేల్లో నాలుగు తీసెయ్యొచ్చు. విరాటపర్వంలో భీముడు వంటవాడి వేషంలో ఉండగా జీమూతుడనే మల్లుడితో కుస్తీ పట్టాల్సి వస్తుంది. రాజు పట్టమన్నాడు, కాదంటే అనుమానం. బలమంతా చూపిస్తే వీడు భీముడని తెలిసిపోతుంది, అజ్ఞాతవాసం చెడుతుంది. చూపించకపోతే వంటశాల పరువుతోపాటు ప్రాణం కూడా పోవచ్చు. ఇక ప్రతి పట్టులోనూ ఎంత బలం పెట్టాలనే లెక్క ఉంటుంది. నీ పందేల్లో రుద్రకు దాచుకోవలసింది ఏదైనా ఉందా? ఉన్న పందేలు ఉంచు, లేనివి కొట్టెయ్యి.

జనం సంగతి. మెట్ల మీది జనం నీ నవలలో ఒకే గొంతుతో అరుస్తున్నారు. ఇప్పటి ఇస్తాంబుల్ అయిన కాన్‌స్టాంటినోపుల్ రథాల పందేల బరిలో నీలం జట్టు అభిమానులు, పచ్చ జట్టు అభిమానులు ఎప్పుడూ ఒకర్నొకరు పొడుచుకునేవాళ్లు, క్రీ.శ. 532లో ఒకసారి కలిసి చక్రవర్తి మీదికే తిరగబడ్డారు. ఊరు తగలబడింది. నీలంవాళ్లకు డబ్బు పంచి, మీరు మావాళ్లే కదా అని గుర్తుచేసి చీల్చాక, సైన్యం ఆ బరిలోనే ముప్పైవేలమంది దాకా నరికింది. మెట్ల మీద కూర్చున్నవాళ్లకీ పక్షాలుంటాయి, వాళ్లకీ రేటు ఉంటుంది. కనిగిరివాళ్లు ఏ మెట్టు మీద కూర్చున్నారు, వాళ్ల పక్కన ఎవరు కూర్చున్నారు, ఈ ఒక్కటి రాసినా చాలు.

చిన్నాచితకా. నీ కథ జరిగేది మే నెలాఖరులో. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, నల్లరాతి గుంటలో మధ్యాహ్నం లోహపు చెయ్యి తగిలించుకున్నవాడి భుజం దగ్గర చర్మం ఏమవుతుంది? ఒక్కచోటా రాయలేదు. తడిగోనె చుట్టుకోడా? ఆ గోనె తడపడానికి నీళ్లెవరిస్తారు? ఇట్లాంటివి నీ బ్యాటరీల లెక్కలకంటే బాగా పనికొస్తాయి. ఆ లెక్కలు చాలాచోట్ల చదవకుండా దాటేశాను. పేర్లు. రుద్ర, అగ్ని, విక్రాంత్, జారా. పొదిలి నుంచి పామూరు దాకా వెతికినా ఇంత గంభీరమైన పేర్లు నలుగురికి దొరకవు. ఎన్ని శతాబ్దాలైనా మన వైపు మాలకొండయ్యలు, పెంచలయ్యలు ఉంటారు. కంపెనీ వాళ్లు మైకులో 'రుద్ర' అని పిలవనీ, మెట్ట మీద వాళ్లమ్మ పెట్టిన పేరు మాలకొండయ్య కానీ. వస్తాదు కోపంలో ఏ పేరుతో పిలుస్తాడో, మోకాలికి కాపడం పెట్టేటప్పుడు ఏ పేరుతో పిలుస్తాడో చూసుకో. సంభాషణలు కూడా పోస్టరు మీద రాసుకునేట్టున్నాయి. మీ నాయన మీ బాబాయితో పొలం గట్టు తగాదాలో ఎట్లా మాట్లాడతాడో అట్లా మాట్లాడించు. నిజంగా కోపమొచ్చినవాడు మన వైపు మాట తగ్గిస్తాడు.

చివర రుద్ర ఎటు నిలబడాలని ఉత్తరంలో అడిగావు. ఇప్పుడే తేల్చకు. నువ్వు రాసిన ముగింపులో అతను అద్దాల మేడ పేల్చేస్తాడు, జనం జేజేలు కొడతారు. అద్దాల మేడ కొట్టేశాం కాబట్టి ఆ బాధ తీరింది. ఇప్పుడు నీ దగ్గర ఒక మోటారుంది, దాన్ని ఆపితే గుంట నిండుతుంది, నిండితే బరి ఉండదు, మెట్ట పక్కనే నీళ్లుంటాయి. కింది గదుల్లో మాత్రం యోధులున్నారు, వాళ్లలో సగంమంది లేవలేని స్థితిలో ఉన్నారు, వాళ్లలో వస్తాదు పెంచిన వేరే పిల్లలూ ఉన్నారు. మోటారు మనిషికి ఏ ఊరో, ఎవరి బాకీనో ముందు రాయి. తనిఖీ ఉద్యోగి, వస్తాదు భార్య, మోటారు మనిషి, ఈ ముగ్గురికీ తలా ఒక అధ్యాయం రాసి పంపించు. రుద్ర సంగతి తర్వాత చూద్దాం. వాళ్లు ముగ్గురూ నిలబడితే అతనికి దారి దొరుకుతుంది, వాళ్లు నిలబడకపోతే ఎన్ని ముగింపులు రాసినా ఒకటే.

ఏ పత్రికకు పంపాలని కూడా అడిగావు. ఇప్పుడు దేనికీ పంపొద్దు. సీరియల్‌గా వేస్తామని ఎవరైనా తొందరపెడితే ఒప్పుకోకు. ఇది మొదటినుంచి చివరిదాకా చూసుకుని రాయాల్సిన కథ, మోటారు చప్పుడు మొదటి వారమే పడాలి కదా.

రాతప్రతి ఆర్టీసీ కార్గోలో పొదిలికి వేయిస్తున్నాను, ఫోన్ రాగానే పోయి తెచ్చుకో. కట్ట మీద నీళ్లు పడకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టాను. 140 నుంచి 152 దాకా పేజీలు రెండుసార్లు ప్రింటయ్యాయి. ఒక సెట్టు నా దగ్గరే ఉంచేసుకున్నాను, వెనకవైపు తెల్లగా ఉంది, రాసుకోవడానికి పనికొస్తుంది.

మీ అమ్మానాన్నలకు నమస్కారాలు చెప్పు.

ఉంటాను,
మాస్టారు